కుళ్లాయప్ప మారక్క

మైక్ సెట్ కుళ్లాయప్పకు ఉన్నది ఒక్కటే జబ్బు. వైర్లు తగిలించి, యాంప్లిఫయరు ఎర్రదీపం వెలిగిందంటే చాలు, హాలండు దేశపు పాట ఒకటి వేయకుండా ఉండలేడు. పెండ్లి కానీ, దినం కానీ, గొర్రెలకు టీకాలేసే శిబిరం కానీ, ముందు హాలండు, తర్వాతే మీ పని. పాట ముగిశాక మైకు తనే అందుకుని, ఆ పాడినామె సంగీత జీవితంలో కొత్తగా ఏం జరిగిందో నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఆ నాలుగు ముక్కలూ అయ్యేదాకా పురోహితుడైనా, మండలాధ్యక్షుడైనా పక్కన నిలబడాల్సిందే.

ఆమె పేరు మరైకె. తన పాటలు తనే రాసుకుని తనే పాడే మనిషి. కుందుర్పి నోళ్లలో పడి ఆర్నెల్లలో మారక్క అయింది. నేను పుట్టి పెరిగింది కుందుర్పిలోనే కాబట్టి, ప్రపంచం మొత్తం మీద నాకు జీవిత చరిత్ర పూర్తిగా తెలిసిన పాప్ గాయని ఆమె ఒక్కతే. మా తాత గురించి కూడా నాకు అంత తెలియదు.

ఇదంతా ఒక చెక్ డ్యాముతో మొదలైంది. 1996లో హాలండు నుంచి హెంక్ అనే ఇంజినీరు వచ్చాడు. నీళ్లను ఆపడంలో వాళ్ల దేశానికి పెద్ద పేరట. సముద్రాన్నే ఆపినవాళ్లకు మా ఊరి వంక, ఈ పిల్లవాగు, ఒక లెక్కా అని అందరం సంతోషించాం. డ్యాము చక్కగా కట్టాడు. ఆపడానికి నీళ్లే రాలేదు. రెండేండ్లు ఆ ఎండిన వంక పక్కన టోపీ పెట్టుకుని ఆకాశం వైపు చూసి, సామాన్లు సర్దుకున్నాడు. పోతూ పోతూ, ప్రారంభోత్సవానికి మైకు పెట్టిన కుళ్లాయప్ప చేతిలో రెండు క్యాసెట్లు పెట్టాడు. ఆ పథకం వల్ల మా మండలానికి మిగిలింది ఆ రెండు క్యాసెట్లే. డ్యాము గోడ మీద ఆవాలు ఎండబోసుకుంటారు, అది వేరే సంగతి.

క్యాసెట్లో మొదటి పాట సైకిలు బెల్లుతో మొదలవుతుంది. ట్రింగ్ ట్రింగ్ అని రెండుసార్లు. తర్వాత ఒక గిటారు, ఆ తర్వాత మారక్క. గొంతు బాగానే ఉంటుంది. ఏమంటుందో దేవుడికి కూడా తెలియదు, ఎందుకంటే మా దేవుళ్లెవరికీ ఆ భాష రాదు.

ఈ పాటకు మొదటి పరీక్ష సుంకన్న కూతురి పెండ్లిలో ఎదురైంది. సుంకన్న ఊరి పెద్ద. మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయినా ఆ హోదా మాత్రం తగ్గని మనిషి. పందిట్లో సైకిలు బెల్లు వినబడేసరికి, ఎవడో మండపంలోకి సైకిలు తోలుకొచ్చినాడని లేచి వెతికాడు. తర్వాత నేరుగా మైకు దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా కుళ్లాయప్పా, ఇదేంది?"

"మారక్క పాట సామీ. హాలండు."

"హాలండు యాడుండాది?"

"సముద్రం కింద ఉండాది సామీ. నీళ్లు పైన, మనుషులు కింద."

సుంకన్న లెక్క వేసుకున్నాడు. "మనకు మనుషులు పైన, నీళ్లు నాలుగొందల అడుగుల కింద. తలకిందులు పెట్టినాడప్పా దేవుడు. సరే గానీ, నా కూతురి పెండ్లికి ఆయమ్మ ఎందుకు?"

"మంచి జరుగుతాది సామీ. వింటా ఉండు."

సరిగ్గా తలంబ్రాల వేళకు పది నిమిషాలు వాన పడింది. షామియానా కూడా తడవలేదు, దుమ్ము మాత్రం అణిగింది. అయినా అనంతపురం జిల్లాలో అంతకు మించిన ధ్రువపత్రం లేదు. ఆ తర్వాత మా మండలంలో మారక్క పాట లేకుండా మంగళసూత్రం కట్టిన మగవాడు లేడు. కళ్యాణదుర్గం నుంచి వచ్చే పురోహితుడు కూడా అలవాటు పడిపోయి, వినాయకుడి పూజ కాగానే కుళ్లాయప్ప వైపు చూసి, "కానీయప్పా ఆ బెల్లు" అనేవాడు. భక్తి ఎట్లా పుడుతుందో పెద్ద పెద్ద గ్రంథాల్లో చదివాను. ఇంత సులభంగా పుడుతుందని ఏ గ్రంథమూ చెప్పలేదు.

పాటకు అలవాటు పడ్డాం సరే, వార్తల సంగతే కష్టం. కుళ్లాయప్పకు తిప్పమ్మ హోటల్లో ఒక బెంచీ ఉండేది. పొద్దున ఏడింటికి అక్కడ కూర్చుని, ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని హాలండుకు తీసుకుపోయేవాడు. వేరుశనగకు తెగులు పట్టిందంటే, మారక్క పాటకు కూడా మొదట్లో ధర రాలేదనేవాడు. ఎవరికో పన్ను నొప్పి అంటే, మారక్క దవడ వాచిన రోజు కూడా కచేరీ మానలేదనేవాడు. తిప్పమ్మ ఒకసారి పాలు విరిగిపోయాయని తలపట్టుకుంటే, ఆమెకూ ఏదో చెప్పబోయాడు.

"ఆయమ్మ పాలు కూడా విరిగినాయా?" అని అడిగింది తిప్పమ్మ.

"హాలండు అంటేనే పాలు గదమ్మా" అన్నాడు కుళ్లాయప్ప.

"అయితే ఆడి నుంచి రెండు లీటర్లు తెప్పీ. అంతదాకా నోరు మూసుకో."

ఈ వార్తలన్నీ ఎక్కడివి అంటే హెంక్ సారు ఉత్తరాలు రాస్తాడనేవాడు. దీనికి ఒక్కడే అడ్డం వచ్చేవాడు, పోస్ట్‌మ్యాన్ రామాంజులు.

"నా చేతి మీద హాలండు నుంచి వచ్చింది ఒగటే" అనేవాడు రామాంజులు టీ ఊదుకుంటూ. "కొత్త సంవత్సరం కార్డు. ముందర కొంగ బొమ్మ ఉండాది."

"కార్డు ఎనక రాసినాడప్పా."

"ఎనక కూడా నేను చూసినా. మూడే మాటలుండాయి."

"వాళ్ల భాషలో మూడు మాటల్లో చానా చెప్తారు."

రామాంజులు మా అందరి వైపూ చూసేవాడు. మేం గ్లాసుల్లోకి చూసేవాళ్లం. అప్పటికి నేను అనంతపురంలో ఒక కాలేజీలో తెలుగు చెప్తూ, కరువు మీద వచ్చిన సాహిత్యం గురించి విశ్వవిద్యాలయానికి ఒక సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. శని, ఆదివారాలు ఊరికి వచ్చేవాణ్ణి. ఆధారం లేని మాట నాకు గిట్టదు. కుళ్లాయప్ప నన్ను "లెక్చరరూ" అనేవాడు, నేను చెప్పిన దాన్ని దేన్నీ పట్టించుకునేవాడు కాదు.

ఇక్కడ చౌడేశ్వరి సంగతి చెప్పాలి. గొర్రెలు కాసే బయ్యన్నకు ఆమె ఒక్కతే కూతురు. గొర్రెల వెంట పోతూ పాడితే మడకశిర బస్సు డ్రైవరు ఇంజను ఆపి వినేవాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ బస్సు ఇంజను దానంతట అదే ఆగేది, కాబట్టి ఇందులో కొంత తగ్గించుకోవచ్చు. కానీ గొంతు మాత్రం గొంతే. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒకటే కోరిక, అనంతపురం రేడియోలో పాడాలి. బయ్యన్న మెడలో ఎప్పుడూ ఒక ట్రాన్సిస్టరు వేలాడుతుండేది. దాంట్లోంచి తన గొంతు వాళ్ల నాయనకు వినిపించాలి.

1999 తిరునాళ్లలో కుళ్లాయప్పే ఆమెను వేదిక ఎక్కించాడు. పదిహేడేండ్ల పిల్ల. ముందు మారక్క పాట, ఆ తర్వాత మారక్క వార్త, ఆ తర్వాత చౌడేశ్వరి. రెండు చరణాలు దేవతలా పాడింది. మూడో చరణంలో గొంతు ఎత్తగానే భయంకరంగా కీచుమంది. ఆ కీచు రెండు హారన్ స్పీకర్లలోంచి వచ్చి ఊరంతా పాకింది. ఎడ్లు బెదిరాయి. మూడు వేల మంది ఒక్కసారిగా నవ్వారు. నేనూ నవ్వాను. చౌడేశ్వరి మైకు కింద పెట్టి, దిగి, జనంలోంచి నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె గొర్రెలకు కూడా పాడలేదు.

కుళ్లాయప్పకు మాత్రం ఇదేం పట్టినట్టు లేదు. వారం తిరక్కముందే హోటల్లో కొత్త వార్త విప్పాడు. మారక్క తన రెండో కచేరీలో పదివేల మంది ముందర గొంతు పగిలి, పాట ఆపేసిందట. జనం నవ్వారట. ఆమె ఆర్నెల్లు ఇంట్లోంచి బయటికి రాలేదట. తర్వాత సైకిలెక్కి వచ్చి, అదే చోట అదే పాట పాడిందట. పాటలో ఆ సైకిలు బెల్లు అందుకేనట.

"ఊళ్లో పిల్ల ఏడుస్తాంటే నీకు ఇప్పుడు కూడా మారక్కేనా?" అన్నాను నేను.

"నేను నా వార్త చెప్పుకుంటాండా. నీకు ఇష్టం లేకుంటే ఇనొద్దులే లెక్చరరూ."

ఆర్నెల్లకు చౌడేశ్వరి మళ్లీ గొర్రెల దగ్గర పాడడం మొదలుపెట్టింది. కాలం అన్నీ మాన్పుతుందని మేం అనుకున్నాం. కాలానికి ఊరికే పేరు రావడం మన దగ్గర మామూలే.

2001లో ఆమెకు మడకశిరలో పెండ్లయింది. మొగుడు ఓబిలేష్ ప్రైవేటు బస్సు కండక్టరు, ఆమె పాట అంటే ప్రాణం పెట్టే మనిషి. అయితే వాళ్లమ్మ నాగలక్ష్మమ్మకు కోడలు పాడడం నచ్చలేదు. "నాలుగు ఊర్లు తిరిగి పాడితే నలుగురు ఏమంటారు? శనక్కాయలు వొలిచేదానికి పాటెందుకు?" అనేది. ఆమె సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం మీద అధికారం.

ఇది మాకు తెలిసిన నెలకే కుళ్లాయప్ప తన సెట్టంతా బస్సు టాపు మీద వేసుకుని మడకశిర జాతరకు పోయాడు. ఎవరూ పిలవలేదు. నేను ఒక బంధువుల ఇంటికి పోయి, అక్కడే ఉన్నాను కాబట్టి ఈ చెవులతో విన్నాను. బెల్లు మోగింది, పాట అయింది, కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"హాలండు దేశపు గాయని మారక్క గారికి ఈ మధ్యనే పెండ్లయినాది. ఆయమ్మ ఈ పొద్దు ఇంత ఎత్తులో ఉండాదంటే కారణం ఎవరు? ఆయమ్మ అత్తగారు. శనక్కాయలు నేను వొలుస్తా, నువ్వు పోయి పాడుకో తల్లీ అనింది ఆ మహాతల్లి. హాలండు ప్రభుత్వం పిలిపించి ఆ అత్తగారికి శాలువా కప్పినాది."

నాగలక్ష్మమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. ఇక కుళ్లాయప్ప పని అయిపోయిందనుకున్నాను.

"ఆ అత్త పేరేమప్పా?"

కుళ్లాయప్ప కన్ను కూడా ఆర్పలేదు. "నాగక్క."

"ఆ దేశంలో కూడా నాగక్కలుండారా?"

"పాములు లేని దేశం ఉంటాదా తల్లీ?"

నాగలక్ష్మమ్మ, "శాలువా పట్టుదా, నూలుదా?" అని అడిగింది.

"ధర్మవరం పట్టు మాదిరి ఉంటాది. వాళ్లది వేరే నేత."

మరుసటి నెల నుంచి శనక్కాయలు అత్తే వొలవసాగింది. వొలుస్తూ మధ్యమధ్యలో వాకిట్లోకి చూసేదట, ప్రభుత్వం వస్తుందేమోనని.

అత్త దారికి వచ్చాక రేడియో మిగిలింది. చౌడేశ్వరి 2003లో మొదటిసారి ఆడిషన్‌కు వచ్చింది. అనంతపురంలో మా ఇంట్లోనే దిగింది. గట్టిగా ఊపిరి కూడా పీల్చలేక, తిరునాళ్ల కీచు చెవుల్లో మోగుతుంటే సగం గొంతుతో పాడి వచ్చింది. ఎంపిక కాలేదు. వెంటనే హోటల్లో వార్త: మారక్కను కూడా వాళ్ల రేడియోవాళ్లు మొదట వద్దన్నారట. 2005లో రెండోసారి వచ్చింది. మళ్లీ కాలేదు. వార్త: మారక్కను రెండోసారి కూడా వద్దన్నారట, మూడోసారి వాళ్లే కుర్చీ వేశారట. ఆ సంవత్సరమే నా సిద్ధాంత గ్రంథం పరీక్షకుల దగ్గర నుంచి రెండోసారి వెనక్కి వచ్చి అటకెక్కింది. ఆ సంగతి మా ఆవిడ అరుణజ్యోతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అది ఇక్కడ అప్రస్తుతం కూడా.

2006లో టవర్ క్లాక్ దగ్గర నెట్ సెంటర్లో ఒక దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. పని తొందరగా అయిపోయింది, డబ్బు కట్టిన గంటలో ఇంకా సగం మిగిలింది. ఊరికే మరైకె పేరు కొట్టాను. కరెంటు పోయేలోపు ఒక పేజీ తెరుచుకుంది. పైన వాళ్ల భాష, కింద ఇంగ్లీషు.

పాటలు తనే రాసుకునేది, నిజం. 1995లో ఒక ఆల్బం, 1997లో ఇంకొకటి. ఒక పాట ఆ దేశపు పాటల జాబితాలో పద్నాలుగో స్థానం దాకా పోయింది. 1999లో పాడడం మానేసింది. ఇప్పుడు చిన్నపిల్లలకు ఈత నేర్పుతోంది. అంతే. గొంతు పగిలింది లేదు, పదివేల మంది లేరు, రేడియో వద్దన్నది లేదు, శాలువా అసలే లేదు. పెండ్లి కూడా కాలేదు.

కింద ఆ సైకిలు బెల్లు పాటకు అర్థం కూడా ఇచ్చారు. ఒకామె తన మొగుణ్ణి, నీ సైకిలు తీసుకుని ఇంట్లోంచి పో, మళ్లీ నా గడప తొక్కొద్దు అంటోంది. బెల్లు అతను పోతూ కొట్టినది. మా మండలంలో తక్కువలో తక్కువ మూడొందల జంటలు ఆ పాటతో ఒకటయ్యాయి. ఒక్క జంట కూడా విడిపోలేదు. ఈ అర్థం నేను ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. మీరూ కుందుర్పి వైపు పోతే చెప్పొద్దు.

పరిశోధన చేసినవాడికి మిగిలే లాభం ఒకటే, తేదీలు పక్కపక్కన రాసుకునే అలవాటు. బస్సు టిక్కెట్టు వెనక రాశాను. తిరునాళ్లు, వారానికి మారక్క గొంతు. మడకశిర పెండ్లి, నెలకు మారక్క అత్త. ఆడిషన్, మారక్క రేడియో. మరోసారి ఆడిషన్, మరోసారి రేడియో. టిక్కెట్టు నిండింది. ఏడేండ్లుగా నేను తిట్టుకుంటూ విన్న వార్తలు నాకు చెప్పినవి కావు. హోటల్లో చెప్తే సాయంత్రానికి బయ్యన్న ఇంటికి చేరతాయని తెలిసి చెప్పినవి.

మర్నాడు కుళ్లాయప్ప రాప్తాడులో పెండ్లికి మైకు పెడుతున్నాడని తెలిసి పోయాను. నిచ్చెన మీద నిలబడి కరెంటు స్తంభానికి హారన్ కడుతున్నాడు.

"కుళ్లాయప్పా, మారక్క పాడటం మానేసి ఏడేండ్లయింది."

మెల్లగా దిగి వచ్చాడు. "ఎవరు చెప్పినారు?"

"కంప్యూటర్."

"ఇప్పుడేం చేస్తాండాదంట?"

"పిల్లలకు ఈత నేర్పుతోంది."

వైరు చుట్ట విప్పాడు. "ఈతా? అది మనకు పనికిరాదప్పా. ఈడ నీళ్లు యాడుండాయి?"

"నువ్వు చెప్పిన దాంట్లో నిజమెంత?"

"పేరు. బెల్లు. తానే రాసి తానే పాడుతాదనేది. ఈ మూడూ హెంక్ సారు చెప్పినాడు. మిగతాది నేను చూసుకున్యా."

"ఎందుకు?"

వైరు కొసను పళ్లతో ఒలుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "తిరునాళ్లలో ఆ పాప గొంతుకు ఏమీ కాల్యా. కూసింది నా మైకు. హారన్‌ను వేదిక దిక్కు తిప్పి కట్టినా. దాని సౌండు మళ్లీ మైకులోకే పోయి కూసింది. మైకు పెట్టేటోడు నేర్చుకునే మొదటి పాఠమప్పా అది. ఆ పొద్దు మారక్క గురించి చెప్పే తొందరలో చూసుకోల్యా."

"ఆ మాట ఆ పిల్లకే చెప్పొచ్చు కదా?"

"మర్నాడే పోయి చెప్పినా. ఊరికే ఓదారుస్తాండావు మామా అనింది. ఇంగొగసారి చెప్పినా. ఏడ్చింది. నిజం రెండుసార్లు చెప్తే నమ్మల్యా. అబద్ధం ఒగసారి చెప్తే నమ్మింది. నన్నేం చేయమంటావు?"

 తర్కశాస్త్రంలో ఈ పాఠం మాకు చెప్పలేదు.

"వచ్చే బుధవారం మూడో ఆడిషన్. ఇంగ అదే కడ, ఇంగ రానని చెప్పేసింది పాప" అన్నాడు. "అంతవరకు నీ కంప్యూటర్‌ను నోరు మూసుకోమను."

నేను సత్యానికి కట్టుబడినవాణ్ణి. ఆలోచించి చెప్తానని బస్సెక్కాను.

బుధవారం కుళ్లాయప్పకు రెండు పెండ్లిండ్లు ఉన్నాయి, రాలేకపోయాడు. ఓబిలేష్‌కు డ్యూటీ. రేడియో స్టేషన్ గేటు దగ్గరికి చౌడేశ్వరిని నేనే తీసుకుపోయాను. ఇంకా పావుగంట ఉంది. నీళ్ల సీసా ఆమె చేతిలో ఉంది, మూత కూడా తీయలేదు. నేను తీసిచ్చాను. తాగలేదు.

"సార్, మామ ఏమన్నా చెప్పి పంపినాడా?"

"ఏం చెప్పాలి?"

"అదే సార్. మారక్క సంగతి."

నా జేబులో ఆ బస్సు టిక్కెట్టు ఇంకా ఉంది. ఆధారాలతో సహా ఆరు నిమిషాల్లో అంతా చెప్పేయవచ్చు. ఆ సీసా వైపు చూశాను. ఒక్క గుక్క కూడా తగ్గలేదు.

"చెప్పినాడు" అన్నాను. "మారక్క ఇప్పుడు పిల్లలకు ఈత నేర్పుతోందట."

"ఈతా?"

"ఊ. నీళ్లలోకి దూకే ముందు నిండుగా గాలి పీల్చుకోండి, దూకినాక భయపడే తీరికుండదు అని చెప్తుందట." చివరి ముక్క నాది. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

చౌడేశ్వరి నన్నే చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఏడేండ్లలో నిజం మాదిరి వినిపించింది ఇదొగటే సార్" అంది.

"అంటే మిగతావి?"

"2001లో మారక్కకు పెండ్లి చేసినాడు మామ. 2003లో మళ్లీ అదే మొగునితో చేసినాడు. చానా చెప్పాల్సి వచ్చి మరిచిపోయినాడు పాపం. హాలండులో కోడండ్లు శనక్కాయలు వొలుస్తారా సార్?"

"మరి తెలిసీ ఎందుకు ఊరకున్నావు?"

"పాడు పాడు అని చెప్పేటోళ్లు చానామంది ఉండారు. నాకోసం ఒగ దేశాన్నే మార్చేసినోడు మామ ఒక్కడే. ఉత్తదని తెలిసిందంటే చిన్నబోతాడు. మీరు చెప్పొద్దండి సార్."

లోపలి నుంచి పేరు పిలిచారు. ఆమె నిలబడి, వంక నిండా నీళ్లు కనబడినట్టు, గట్టిగా ఒక ఊపిరి తీసుకుని లోపలికి పోయింది.

వాళ్ల నాయన గొర్రెలు చెక్ డ్యాము దగ్గర నీళ్ల కోసం వరుసలో నిలబడిన పాట పాడింది. దరఖాస్తులో జానపదం అని రాసింది. ఆ జానపదాన్ని రాసినామె ఎదురుగానే నిలబడి ఉందని రేడియోవాళ్లకు తెలియదు. హెంక్ కట్టిన డ్యాము ఎట్టకేలకు ఒక పనికి వచ్చింది.

ఇరవై రోజులకు రేడియో నుంచి బయ్యన్న ఇంటి చిరునామాకు ఉత్తరం వచ్చింది. రామాంజులు దాన్ని కుందుర్పిలో విప్పి, చదివి, మళ్లీ అంటించి, మడకశిరకు తనే తీసుకుపోయాడు. రూలుకు విరుద్ధం. రూలును అడిగినవాళ్లు లేరు.

ప్రసారం రోజు సాయంత్రం కుళ్లాయప్ప బయ్యన్న ట్రాన్సిస్టరును తన యాంప్లిఫయరుకు తగిలించి, కుందుర్పి బస్టాండు దగ్గర రెండు హారన్లు కట్టాడు. ఏ దిక్కుకు తిప్పాలో మూడుసార్లు దిగి చూసుకున్నాడు. ఎదురుగా మైకు లేని రేడియోకు అది అవసరం లేదని నాకే తెలుసు, ఆయనకు తెలియదా? అయినా చూసుకున్నాడు. ముందు వరుసలో నాగలక్ష్మమ్మ కూర్చుంది. ఆమె భుజాల మీద ధర్మవరం నుంచి కుళ్లాయప్ప తెచ్చి కప్పిన శాలువా. "ప్రభుత్వం పంపిందా?" అని అడిగింది. "దారిలో ఆలస్యమైనాది తల్లీ" అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది. కుళ్లాయప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్యాసెట్టు ముట్టుకోలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. సుంకన్న లేచాడు. "ఏమప్పా, మారక్క యాది?"

"ఈ పొద్దు వద్దు సామీ."

"వద్దంటే ఎట్ల? బెల్లు లేకుండా శుభకార్యమా? ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

అందరూ అవునన్నారు. రేడియోలో పొలం పనుల కార్యక్రమం ముగుస్తోంది. కుళ్లాయప్ప కదలడం లేదు. ఇక గొడవ అవుతుందనగా రామాంజులు లేచి, గోడకు ఆనించిన తన పోస్టాఫీసు సైకిలు దగ్గరికి పోయి, ట్రింగ్ ట్రింగ్ అని రెండుసార్లు బెల్లు కొట్టి, వచ్చి కూర్చున్నాడు. సుంకన్న కూడా కూర్చున్నాడు. అప్పుడు రేడియోలో చౌడేశ్వరి పాడింది. ఎక్కడా కీచుమనలేదు. బయ్యన్న ఖాళీగా ఉన్న మెడ తడుముకుంటూ విన్నాడు.

పాట అయ్యాక తిప్పమ్మ హోటల్లో అందరికీ టీలు. నేనూ అరుణజ్యోతీ ఒక బెంచీ మీద కూర్చున్నాం. కుళ్లాయప్ప వచ్చి నా పక్కన కూర్చుని, గ్లాసు అందుకున్నాడు.

"ఏమప్పా లెక్చరరూ, మారక్క సంగతి తెలుసునా?"

"తెలుసు. ఈత నేర్పుతోంది."

"అది నీ కంప్యూటర్ మారక్క. నా మారక్క ఈ మధ్య పుస్తకం రాస్తాండాది. లావు పుస్తకం. రెండుసార్లు పంపితే రెండుసార్లూ పెద్దోళ్లు ఎనక్కి పంపినారంట. తీసుకుపోయి అటక మీద పడేసింది."

నేను అరుణజ్యోతి వైపు చూశాను. ఆమె గ్లాసు అడుగున ఏదో వెతుక్కుంటోంది.

మొదటి మాట నుంచి చివరి మాట దాకా అబద్ధమని నాకు తెలుసు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారాలున్నాయి, తేదీలున్నాయి, జేబులో బస్సు టిక్కెట్టు ఉంది. నేను టీ ఊదుకున్నాను. ఒక గుక్క తాగాను.

"తర్వాత ఏం చేసిందంట?" అని అడిగాను.